మద్దెల నిజంగానే ఓడు

మా మామయ్య కోర్టులో ఇంతవరకు మనిషన్నవాడికి శిక్ష పడలేదు. తప్పు ఏదైనా ముద్దాయి వస్తువే. గ్లాసు పగిలితే గ్లాసుది తప్పు. కాలు జారితే గచ్చుది తప్పు. ఎవరి పిల్లాడైనా పరీక్ష తప్పితే, ప్రశ్నపత్రం తెప్పించుకుని చదివి, అక్షరాలు ఇంత ఇరుగ్గా అచ్చేస్తే వాడికి జవాబెలా తోస్తుందని ఎదురు అడిగేవాడు. ఆయన దగ్గరికి ఏడుస్తూ వచ్చినవాళ్ళు నవ్వుతూ వెళ్ళేవాళ్ళు. వస్తువులే తలవంచుకుని నిలబడేవి.

నాకు ఏడేళ్ళప్పుడు వాళ్ళింటి మెట్ల మీంచి దొర్లిపడ్డాను. చూసుకుని దిగొద్దా అని మా అమ్మ చెయ్యెత్తింది. మామయ్య జేబులోంచి టేపు తీసి, మూడో మెట్టు ముందు చతికిలబడి కొలిచాడు. "మిగతావన్నీ ఏడంగుళాలు. ఇది ఎనిమిదిన్నర. పిల్లదేం చేస్తుంది?" అన్నాడు. మోచెయ్యి చీరుకుపోయి ఏడుస్తున్న నాతోనే, "ఆ కొస పట్టుకోవే, అడ్డం కూడా కొలుద్దాం" అన్నాడు. నేను పట్టుకోలేదు. ఆనాటి నుంచి ఆయన నన్ను వెయ్యిసార్లు అడిగుంటాడు, నేను ఒక్కసారీ పట్టుకోలేదు. ఒంటరిగా కొలుచుకోవడం అలవాటై, ఆయన టేపు కొసకి చిన్న అయస్కాంతం అతికించుకున్నాడు.

ఆయన వృత్తి బోర్డులు రాయడం. మా వీధిలోనూ, చుట్టుపక్కల పది వీధుల్లోనూ తలుపుల మీద "తోయండి", "లాగండి" అని గుండ్రటి అక్షరాలు కనిపిస్తే అవి మామయ్యవే. తలుపుని చూడగానే తొయ్యాలో లాగాలో తెలియకపోతే అది తలుపు కాదని ఆయన వాదన. "నా చేత రాయించుకుందంటేనే ఆ తలుపు ఓడిపోయినట్టు" అనేవాడు. మరి ఆ ఓటమి మీదే కదా నీ బతుకు అంటే, అందుకే తలుపులంటే తనకి జాలి అనేవాడు.

నా సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. నేను బీమా ఆఫీసులో పనిచేస్తాను. ప్రమాదం జరిగితే తప్పెవరిదో తేల్చి కాగితం మీద పెట్టడం నా ఉద్యోగం. పదకొండేళ్ళలో నేను ఒక్క వస్తువుని కూడా తప్పుబట్టలేదు. ఆఫీసు దగ్గరని మామయ్య వాళ్ళ మేడమీద గదిలో ఉంటూ, కింద వాళ్ళతో కలిసి తింటాను. పగలంతా నేను మనుషుల్ని పట్టుకుంటే, సాయంత్రం అన్నం దగ్గర మామయ్య వాళ్ళందర్నీ విడిచిపెట్టేసేవాడు.

ఇక అత్తయ్య. అత్తయ్య గురించి చెప్పాలంటే కాఫీ గురించి చెప్పాలి. ప్రతి గురువారం మధ్యాహ్నం నాలుగింటికి వెనక గదిలో ఇనప బాణలి పెట్టి, పచ్చి కాఫీ గింజలు పోసి, కళ్ళు మూసుకుని కూర్చునేది. చెయ్యి తిప్పుతూ ఉండేది, మనిషి మాత్రం ఎక్కడో ఉండేది. ఎండ కిటికీలోంచి ఏటవాలుగా పడి, పొగ అందులో నీలంగా లేచి, ఆ గది కాసేపు ఈ ఊరిది కానట్టు ఉండేది. ఉన్నట్టుండి కళ్ళు తెరిచి బాణలి దించేసేది. ఒక్క గింజ మాడేది కాదు. సమయం ఎలా తెలుస్తుందత్తయ్యా అంటే, "తెలుస్తుందంతే" అనేది. ముప్ఫై ఏళ్ళు ఆవిడ వేయించిన కాఫీయే మా మూడిళ్ళూ తాగాం. ఎదురింటి దర్జీ అయితే గురువారం నాలుగున్నరకి డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడేవాడు. నేనూ గురువారాలు నాలుగయ్యేసరికి ఆఫీసు నుంచి వచ్చేసేదాన్ని.

పోయిన వర్షాకాలంలో అత్తయ్యకి జ్వరం వచ్చింది. పది రోజులు మంచంలో ఉండి లేచింది. లేచిన వారం వేయించిన గింజలు బొగ్గయ్యాయి. మామయ్య బాణలి తిరగేసి చూసి, అడుగు పల్చబడిందని తీర్పు చెప్పి కొత్తది తెచ్చాడు. మళ్ళీ వారం కొత్త బాణలిలోనూ బొగ్గే. ఈసారి కిటికీలోంచి గాలి ఎదురు కొడుతోందన్నాడు. మూడో వారం గాలి లేదు, కిటికీ కూడా మూసే ఉంది. గింజలు మాత్రం పొయ్యిలోకి పనికొచ్చేట్టున్నాయి. దర్జీ మర్యాదస్థుడు. ఆ పొడితో పెట్టిన కాఫీ గటగటా తాగేసి, "బాగుందమ్మా, కొంచెం ముదురు రంగు" అన్నాడు.

అత్తయ్య బాణలి కడిగి బోర్లించింది. "పనితనం పోయింది. వచ్చే వారం నుంచి బజారు పొడి కొనుక్కుందాం" అంది మెల్లిగా. కోపంగా అన్నా బాగుండేది. ఆ తర్వాత రెండు గురువారాలు నాలుగింటికి ఆవిడ వెనక గదిలోకి వెళ్ళి, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చుంది. మామయ్య ఆ రెండుసార్లూ గుమ్మం దాకా వచ్చి, చూసి, వెళ్ళిపోయాడు. ఆయన ఏ వస్తువునీ తిట్టకుండా ఉండటం నేను చూసింది అప్పుడే.

మూడో గురువారానికి మిషన్ వచ్చింది. ఇంట్లో కాఫీ గింజలు వేయించుకునే మిషన్. రొట్టెలు కాల్చే ఓవెన్ అంత ఉంటుంది, లోపల జల్లెడ లాంటి డ్రమ్ము తిరుగుతుంది. పచ్చి గింజలు పోసి బటన్ నొక్కితే పావుగంటలో వేగిపోతాయని పుస్తకంలో ఉంది. మామయ్య దాన్ని బల్లమీద పెట్టి, చుట్టూ ఒకసారి తిరిగి, "ఏమోయ్, దీనికి మనం అలవాటు పడక్కర్లేదు. దీన్నే మనకి అలవాటు చేద్దాం" అన్నాడు అత్తయ్యతో. ఆయన మొహంలో కళ వచ్చింది. అంత తప్పులతడక వస్తువు ఆయన చేతికి అంతకుముందెప్పుడూ చిక్కలేదు.

దాని మీద ఎ, బి, సి, డి, ఇ అని ఐదు బటన్లున్నాయి. ఏది దేనికో లేదు. పుస్తకంలో వెతికితే "మీ అభిరుచిని బట్టి" అని ఉంది. మొదలుపెట్టే బటనూ, చల్లార్చే బటనూ పక్కపక్కనే, రెండూ ఎరుపే. లోపల చిన్న దీపం ఉంది కానీ అది పసుప్పచ్చ దీపం, దాని ముందు పొగరంగు అద్దం. ఆ వెలుగులో పచ్చి గింజా, వేగిన గింజా, మాడిన గింజా ముగ్గురూ అన్నదమ్ముల్లా ఒకే రంగు. గింజల పొట్టు పడే పళ్ళెం లాగాలంటే కాలే డ్రమ్ము పక్కనుంచి చెయ్యి దూర్చాలి. ఫ్యాను చప్పుడుకి పక్కగదిలో ఉన్నవాళ్ళు వర్షం వచ్చిందనుకుని బట్టలు తీసుకురావడానికి పరిగెత్తేవాళ్ళు. ఆ పని నేనే రెండుసార్లు చేశాను.

అన్నిటికన్నా పెద్ద వింత ఇంకోటి. మూడొంతులు వేగాక మిషన్ ఉండుండి కూత పెట్టేది. అరనిమిషంలో వచ్చి బటన్ నొక్కకపోతే అలిగి ఆగిపోయేది. పెట్టి మరిచిపోయి వెళ్ళిపోతారేమోనని అలా చేశారట. "మనం బతికే ఉన్నామా అని కనుక్కుంటోంది. మంచి గుణమే. కానీ అరనిమిషంలో బతికున్నామని రుజువు చెయ్యాలంటే ఈ మోకాళ్ళతో అయ్యే పనేనా?" అన్నాడు మామయ్య.

ఇక బ్రష్షు అందుకున్నాడు. వారం తిరిగేసరికి ఆ మిషన్ మీద ఖాళీ లేకుండా ఎనామిల్ రంగులతో అక్షరాలు వెలిశాయి. ఒక ఎర్ర బటన్ పక్కన "ఇది కాదు", రెండో దాని పక్కన "ఇదే". పొట్టు పళ్ళెం మీద "ఆగు, కాలుతుంది". 'ఎ' బటన్ మీద "తెలియదు", 'బి' మీద "ఇదీ తెలియదు". అక్కడితో ఆగకుండా కంపెనీకి ఉత్తరాలు మొదలుపెట్టాడు. మామూలు కాగితం మీద పెన్నుతో రాయడం ఆయనకి చేతకాదు కాబట్టి, గోడకి అంటించే పెద్ద తెల్లకాగితాల మీద బ్రష్షుతో రాసి, చుట్ట చుట్టి పోస్టు చేసేవాడు. పదకొండు ఉత్తరాలు వెళ్ళాయి. పదకొండిటికీ "మీ సంతోషమే మా సంతోషం" అని అచ్చేసిన కార్డే వచ్చింది. ఎవరి సంతోషం గురించి అడిగామని ఆయన పన్నెండో ఉత్తరం రాశాడు.

మిషన్ మీద పడిన చెయ్యి ఇంట్లో మిగతా వాటినీ వదల్లేదు. ఆ రోజుల్లోనే పాలు పొంగి మాడితే గిన్నె అంచుది తప్పని గిన్నె మార్చాడు. పాల సీసాల మీద రోజూ పొద్దున్నే ఆ రోజు వారం పేరు రాసేవాడు. నిన్నటి సీసా, ఇవాళ్టి సీసా ఒకేలా ఉంటే మనిషి ఏం చేస్తాడని అడిగేవాడు. గ్యాసు స్టవ్ నాబ్ మీద పెద్ద ఎర్ర బాణం గీశాడు. ఒకనాడు ఆఫీసు నుంచి వచ్చేసరికి వంటింటి కిటికీ రెక్కలు రెండూ ఊడి దొడ్లో ఉన్నాయి. గడియ డిజైన్ బాగాలేదట. చలికి వణుకుతూ అన్నం తిన్నాను, ముదిరిపోయాడు మా మామయ్య అనుకున్నాను.

ఇన్ని చేసినా కాఫీ మాత్రం కుదరలేదు. మొదటి గురువారం అత్తయ్య బటన్ నొక్కడం ఆలస్యమై మిషన్ అలిగింది, గింజలు సగం పచ్చిగా మిగిలాయి. రెండో గురువారం మాడాయి. మూడో గురువారం ఇంకా మాడాయి. తర్వాత మూడు నెలలూ అదే వరస. అత్తయ్య ఇదివరకులా కళ్ళు మూసుకోవడం లేదు. కళ్ళు పెద్దవి చేసుకుని ఆ పొగరంగు అద్దంలోకి రెప్ప వెయ్యకుండా చూసేది. అయిపోయాక మా మొహాలకేసి చూస్తూ "ఎలా ఉంది?" అని అడిగేది. మామయ్య ఒక స్క్రూ బిగించేవాడు.

ఇక్కడ నా ఘనకార్యం ఒకటి ఉంది. ఒక గురువారం నాకు సెలవు. వాళ్ళిద్దరూ బయటికెళ్ళారు. ఈ గొడవేంటో తేల్చేద్దామని నేనే మిషన్‌లో గింజలు పోసి, పక్కన కూర్చుని పుస్తకం చదువుకుంటున్నాను. గది నిండా కమ్మటి వాసన రాగానే లేచి "ఇదే" నొక్కాను. గింజలు నిగనిగలాడుతూ దిగాయి.

అది నా మనసులో పెట్టుకుంటే ఏం పోయింది? నోరు ఊరుకోదు కదా. అన్నం దగ్గర కూర్చోగానే బయటపెట్టేశాను. "మిషన్ బంగారంలా ఉంది మామయ్యా. నాకు మొదటిసారికే కుదిరింది. ఊరికే దాన్ని ఆడిపోసుకుంటున్నావు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది మీ వరస."

అత్తయ్య చెయ్యి కంచంలో ఆగిపోయింది. మామయ్య నన్ను చూసిన చూపు నేను ముందెన్నడూ చూడలేదు. ఆయనే అన్నాడు: "ఆ సామెత చెప్పినవాడు మద్దెలని ఒక్కసారైనా తీసి చూశాడా?"

"చూడక్కర్లేదు లెండి," అంది అత్తయ్య. "దానికి కుదిరిందంటే మద్దెల బాగున్నట్టేగా. కంపెనీ మనిషిని పిలిపించండి. బాగుందని అతనూ అంటే పట్టుకుపొమ్మందాం. నా వల్ల కాదని నేనూ నిశ్చింతగా ఉంటాను." అని కంచం తీసుకుని లేచిపోయింది. కంచంలో అన్నం అలాగే ఉంది.

కంపెనీ మెకానిక్ మరుసటి గురువారం వచ్చాడు. తల నెరిసిన మనిషి, భుజానికి తోలు సంచి. ఇరవై రెండేళ్ళుగా ఇంటింటికీ తిరుగుతున్నాడట. ఆ ఇరవై రెండేళ్ళూ ఒకటే మాట చెప్పాడని రాగానే తెలిసిపోయింది. ఎందుకంటే గుమ్మంలో చెప్పులు విడుస్తూనే అన్నాడు, "సాధారణంగా మిషన్‌లో ఏం ఉండదండీ, వాడేవాళ్ళకి తెలియాలి." తర్వాత మిషన్ని చూశాడు. దాని ఒంటినిండా ఉన్న రాతలు చదువుకుంటూ చాలాసేపు నిలబడ్డాడు. "ఇదీ తెలియదు" దగ్గర ఆయన మీసం కదిలింది.

వేయించి చూపిస్తానన్నాడు. గింజలు పోసి, 'సి' నొక్కి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అత్తయ్య కుర్చీలో ముందుకి వంగి కూర్చుంది. ఫ్యాను హోరులో ఎవరికీ ఎవరి మాటా వినిపించలేదు. పొగ మెల్లగా కిటికీ వైపు సాగింది, గది నిండా ఆ పాత గురువారాల వాసన కమ్ముకుంది. నాకు తెలియకుండానే కళ్ళు మూతలు పడ్డాయి. తెరిచేసరికి మెకానిక్ కూడా అరమూసిన కళ్ళతో తలెత్తి నిలబడి ఉన్నాడు. గాలి ఒక్కసారి లోపలికి పీల్చి బటన్ నొక్కేశాడు. అత్తయ్య మాత్రం అప్పటికీ అద్దంలోకే చూస్తోంది.

గింజలు ఒక్కటి కూడా మాడలేదు. మెకానిక్ వాటిని అరచేతిలో పోసుకుని అత్తయ్య వైపు తిరిగి, గొంతు సవరించుకున్నాడు. "చూశారు కదమ్మా, మిషన్‌లో..."

ఆ మాట పూర్తి కాలేదు. మామయ్య మోచెయ్యి తగిలి పొట్టు పళ్ళెం నేలమీద పడింది. తగిలిందని మర్యాదకి అంటున్నాను, ఆయన తోశాడు. ఉల్లిపొరలంత పల్చటి పొట్టు గదంతా లేచింది. ఎండలో అది ఎంతకీ కిందకి దిగదు. మా జుట్టు మీద, మెకానిక్ మీసం మీద, అత్తయ్య ఒళ్ళో నెమ్మదిగా వాలుతోంది. నలుగురం కదలకుండా దాన్ని చూస్తూ ఉండిపోయాం.

"తప్పు నాదే," అన్నాడు మామయ్య.

నేను ఉలిక్కిపడ్డాను. అత్తయ్య కూడా తల తిప్పి చూసింది. ఆయన నోట ఒక మనిషికి శిక్ష పడటం అదే మొదటిసారి. కళ్ళు కడుక్కుందురు రండంటూ మెకానిక్‌ని భుజం పట్టుకుని దొడ్లోకి తీసుకెళ్ళిపోయాడు. తువ్వాలు ఇచ్చిరమ్మని అత్తయ్య నన్ను వెనకే పంపింది. తలుపు దాటబోతూ ఆగిపోయాను.

"మీరు లోపల అనబోయిన మాట ఆవిడ ముందు అనకండి బాబూ," అంటున్నాడు మామయ్య.

"ఉన్నమాటే కదా సార్. మిషన్ బాగుంది."

"ఆవిడకి వాసన తెలీదు. జ్వరంలో పోయింది. ఆర్నెల్లయింది."

కుళాయి నీళ్ళు కాసేపు ఊరికే పోయాయి. డాక్టరుకి చూపించారా అని మెకానిక్ అడిగాడు. ఆవిడే తనకి తెలియకుండా వెళ్ళొచ్చిందనీ, బియ్యం డబ్బా కింద చీటీ దొరికిందనీ, రావచ్చు రాకపోవచ్చు అన్నారనీ మామయ్య చెప్పాడు. మరి మీకెందుకు చెప్పలేదండీ అని మెకానిక్ అడిగాడు.

"నాకు తెలియకూడదనుకుంది. అందుకని నాకు తెలీదు," అన్నాడు మామయ్య. "ముప్ఫై ఏళ్ళు ముక్కుతో చేసిన పని బాబూ. అది పోయిందనుకోవడం కన్నా చేతకాలేదనుకోవడమే నయమనుకుంది. నాకు రెండోది కూడా ఇష్టం లేదు. అందుకే ముందు బాణలిని తిట్టాను, ఇప్పుడు మీ మిషన్ని తిడుతున్నాను. పాపం దాని తప్పు లేదని నాకూ తెలుసు. కాస్త ఉందని అబద్ధం చెప్పి వెళ్ళండి, మీకు పుణ్యముంటుంది."

తువ్వాలు నా చేతిలోనే ఉండిపోయింది. పాల సీసాల మీద వారాల పేర్లు, స్టవ్ మీద ఎర్ర బాణం, దొడ్లో గోడకి ఆనించి ఉన్న కిటికీ రెక్కలు, అన్నీ ఒకదాని వెనక ఒకటి కళ్ళముందు తిరిగాయి. పాలు విరిగినా, గ్యాసు లీకైనా అత్తయ్యకి తెలియదు. తెలియదని ఆవిడకి గుర్తుచెయ్యకుండా ఈయన ఇల్లంతా మార్చుకుంటూ వచ్చాడు. ముదిరిపోయాడనుకున్న నన్ను నేనే రెండు తన్నుకోవాలనిపించింది. మద్దెల సామెత గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను.

మెకానిక్ మొహం కడుక్కున్నాడు. తడి మొహంతో అలాగే నిలబడి ఏదో ఆలోచించాడు.

"ఇందాక నేను ఎప్పుడు ఆపాను సార్?"

"గింజ వేగాక."

"వేగిందని నాకెలా తెలిసింది?" అని తన ముక్కు మీద వేలేసుకున్నాడు. "మా పుస్తకంలో ఆరో పేజీలో ఒక్క ముక్కే ఉంటుంది, కమ్మటి వాసన రాగానే ఆపండి అని. ముక్కు పనిచెయ్యనివాళ్ళు ఏం చెయ్యాలో ఏ పేజీలోనూ లేదు. వాడేవాళ్ళకి తెలియాలని ఇరవై రెండేళ్ళుగా చెప్తున్నాను. ఎలా తెలియాలో మేం చూడనేలేదు. అబద్ధం అక్కర్లేదు సార్. తప్పు మిషన్‌దే."

మామయ్య బట్టలుతికే బండ మీద కూలబడ్డాడు. నలభై ఏళ్ళుగా ఆయన చెప్తున్న మాటని ఎదుటి పక్షం ఒప్పుకోవడం అదే మొదలు. గెలిస్తే ఏం చెయ్యాలో ఆయనకి తెలియదు. జేబులోంచి టేపు తీసి, ఊరికే కొంచెం లాగి, మళ్ళీ లోపలికి వదిలాడు.

మెకానిక్ లోపలికొచ్చి అత్తయ్య ముందు నిలబడ్డాడు. "అమ్మా, మిషన్‌లో లోపం ఉంది. ఇది మరీ గోల చేస్తోంది, గింజ మాట విననివ్వట్లేదు."

"గింజ మాట్లాడుతుందా?" అంది అత్తయ్య.

"రెండుసార్లు మాట్లాడుతుందమ్మా. మొదటిసారి గట్టిగా, దూరం దూరంగా చిట్లుతుంది. తర్వాత కాసేపు ఊరుకుంటుంది. రెండోసారి సన్నగా, దగ్గర దగ్గరగా చిటపటమంటుంది. అది మొదలవగానే ఆపెయ్యండి. కళ్ళు మూసుకుని కూడా చెయ్యొచ్చు."

బాణలిలోనూ చిటపటమనేవనీ, ఇన్నేళ్ళూ తనే పట్టించుకోలేదనీ అత్తయ్య నెమ్మదిగా అంది. తర్వాత మెకానిక్ ముఖంలోకీ, ఆయన వెనక గోడకేసి చూస్తున్న మామయ్య వీపుకేసీ ఒకసారి చూసింది.

ఆ సాయంత్రం మెకానిక్ ఫ్యాను వేగం తగ్గించి, దాని చుట్టూ మందపాటి గుడ్డ బిగించాడు. సరిగ్గా గింజ చిట్లే వేళకే మిషన్ కూత పెట్టేది కాబట్టి, ఆ కూత తీగ తెంపేసి దాని బదులు చిన్న దీపం వెలిగి ఊరుకునేట్టు, బటన్ నొక్కకపోయినా అలిగి ఆగకుండా చేశాడు. మామయ్య పాత రంగు డబ్బా కోసి గరాటులా వంచి మిషన్ పక్కకి అతికించాడు. దాని పెద్ద మూతి అత్తయ్య కుర్చీ వైపు ఉంటుంది.

అప్పుడు అత్తయ్య మళ్ళీ గింజలు పోసింది. కళ్ళు మూసుకుంది. మేం ముగ్గురం ఊపిరి బిగబట్టుకున్నాం. ఎదురింట్లో దర్జీ కుట్టుమిషన్ చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. మామయ్య వీధిలోకి వెళ్ళి చెయ్యెత్తేసరికి అది కూడా ఆగింది. వీధంతా మెత్తగా అయిపోయింది. చాలాసేపటికి గరాటులోంచి ఒక గింజ టప్పుమంది. ఇంకోటి. తర్వాత చాలా. మళ్ళీ నిశ్శబ్దం. ఎండ గోడ మీద ఒక జాన పైకి పాకింది. ఎక్కడో దూరంగా ఎండుటాకుల మీద చినుకులు మొదలైనట్టు సన్నగా వినపడింది. నాకు అది విన్నానో అనుకున్నానో తెలియలేదు. అత్తయ్య కళ్ళు తెరిచి బటన్ నొక్కేసింది.

ఎలా ఉంది అని ఈసారి ఆవిడ అడగలేదు. ఇన్నాళ్ళకి మళ్ళీ వీధిలోంచి దర్జీ డబ్బాతో వస్తూ, గుమ్మంలోనే ఆగిపోయి గాలి పీల్చడం చూసింది. అది చాలింది.

మర్నాడు మామయ్య గేటుకి కొత్త బోర్డు కట్టాడు. "గురువారం నాలుగు గంటలకు కాఫీ వింటున్నాం. మెల్లగా నడవండి." కొత్తవాళ్ళు అది చదివి తల గోక్కుంటూ వెళ్తారు. దర్జీ మాత్రం నాలుగయ్యేసరికి కాళ్ళు మిషన్ మీంచి తీసి కుర్చీలో వెనక్కి వాలతాడు. కంపెనీ నుంచి "మీ సంతోషమే మా సంతోషం" కార్డు మళ్ళీ వచ్చింది. ఈసారి అడుగున మెకానిక్ చేతిరాత ఉంది: "ఆరో పేజీ మారుస్తామన్నారు."

ఒకరోజు నేను ఉండబట్టలేక అత్తయ్య దగ్గర కదిలించాను. ఆవిడ పాల సీసా తుడుస్తోంది.

"మీ మామయ్యకి తెలుసని నాకు తెలీదనుకున్నావా?" అంది. "సీసాల మీద వారాల పేర్లు రాసే మగాడు ఎక్కడైనా ఉంటాడుటే? నాలిక్కి చేదు తెలుస్తుంది, కాఫీ తెలీదు. ఏడుపొచ్చేది. ఈయన రోజుకో వస్తువుని పట్టుకుని తిడుతుంటే నవ్వొచ్చేది. చెప్పేస్తే ఇంక ఎవర్ని తిడతారు? తోచక దిగులు పెట్టుకుంటారు." సీసా ఎండలో పెట్టి, మళ్ళీ అంది: "ఈయన్ని తయారుచేసినవాడు కూడా బటన్లన్నీ తప్పుచోట పెట్టాడు. ఏది నొక్కితే ఏమొస్తుందో తెలుసుకోవడానికి నాకు ముప్ఫై ఏళ్ళు పట్టింది. మిషన్ బాగానే ఉంటుంది."

ఇప్పటికీ ఆ ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి ఎవరికీ తెలీదు. కిటికీ రెక్కలు ఇంకా దొడ్లోనే ఉన్నాయి. నేను స్వెట్టరు వేసుకుని అన్నం తింటాను.

మొన్న గురువారం మాత్రం గింజలు మళ్ళీ మాడాయి. మేం పరిగెత్తుకెళ్ళేసరికి గది నిండా నల్లటి పొగ, గరాటు ముందు అత్తయ్య హాయిగా గుర్రు పెడుతోంది. లేపగానే గింజల్ని చూసి నాలిక్కరుచుకుంది. "ఈసారి దేన్నీ అనకండి. వింటూ వింటూ కునుకు పట్టేసింది. తప్పు నాదే."

మామయ్య ఆవిడని లేపి పక్కన నిలబెట్టి, కుర్చీ చుట్టూ ఒకసారి తిరిగాడు. వీపు నొక్కి చూశాడు. వంగి కాళ్ళు చూశాడు. మరీ వెనక్కి వాలి ఉందనీ, దీంట్లో కూర్చుంటే రాయి కూడా నిద్రపోతుందనీ తీర్పిచ్చి, జేబులోంచి టేపు తీశాడు. కుర్చీ కొయ్యది, అయస్కాంతం అంటుకోలేదు. కొస జారి కిందపడింది. ఆయన నావైపు చూడనుకూడా లేదు, అడగడం ఎప్పుడో మానేశాడు.

నేను వంగి ఆ కొస పట్టుకున్నాను.